ఐదో మాట

“అలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకపోతే, ఏమైందో నోరు తెరిచి చెప్పొచ్చుగా!” అంది ఎర్లీన్.

ఒడెట్ తల ఎత్తలేదు. ఉల్లిపాయలు తరగడం ఎప్పుడో అయిపోయింది. తరిగినవాటినే మళ్ళీ తరుగుతోంది.

“నిన్న మధ్యాహ్నం నా కొడుకు పరీక్ష పాసై ఇంటికొచ్చాడు. ఆదివారం ఆడొచ్చని డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఊరంతా ఎగిరి గంతేస్తోంది. నువ్వేమో అప్పట్నుంచీ మూతి ముడుచుకుని తిరుగుతున్నావు. వాడు పాసవడం నీకు ఇష్టం లేదా అమ్మాయ్?”

“ఉల్లిపాయలు ఇవి చాలా అత్తయ్యా, ఇంకా కావాలా?”

“నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?”

ఒడెట్ కత్తి ఆపలేదు. చెప్పడం మొదలుపెడితే ఆగస్టు నుంచి మొదలుపెట్టాలి. మొదలుపెట్టాక ఆపడం తన చేతుల్లో ఉండదు.

ఊరు ఎగిరి గంతేస్తోందంటే ఎర్లీన్ మాటవరసకి అన్నది కాదు. మా పోర్ట్ లావెల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కట్టర్స్ ప్లేఆఫ్‌కి, అంటే సీజన్ చివర ఓడితే ఇంటికే అనే ఆటలకి, చేరి పంతొమ్మిదేళ్ళయింది. ఈసారి మొదటి నాలుగు ఆటలూ వరసగా ఓడారు. అప్పుడు మా పాదిరీగారు కూడా ప్రార్థనలో వాళ్ళ పేరు ఎత్తడం మానేశారు, దేవుణ్ణి విసిగించడం దేనికని. అలాంటిది, పదహారు ఆటలయ్యేసరికి తొమ్మిది గెలుపులు. ఆదివారం క్వారీ సిటీతో చివరిది. అదీ గెలిస్తే ప్లేఆఫే. పాదిరీగారు మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ తొమ్మిది గెలుపుల్లోనూ మధ్యలో వంగి నిలబడి, బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందించిన సెంటర్ ఎర్లీన్ కొడుకు, ఒడెట్ మొగుడు డెల్రాయ్ ఫాంటెనో. ఎవడు ఎవణ్ణి అడ్డుకోవాలో లైన్లో పక్కనున్న నలుగురికీ అరిచి చెప్పేది కూడా అతనే. పన్నెండేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాడు. నాలుగు ఊళ్ళు మారాడు. ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా ఆడలేదు. పోయిన ఆదివారం ఎవరిదో మోకాలు అతని తలకి తగిలింది. లేచి, తిన్నగా అవతలి జట్టు గుంపులోకి నడిచి వెళ్ళి నిలబడ్డాడు. స్టేడియంలో కొందరు నవ్వారు. ఒడెట్ నవ్వలేదు.

డెల్రాయ్ వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి వాసన చూశాడు.

“సియోనే ఎన్నింటికి వస్తానన్నాడు?”

“అయిదింటికిరా నాన్నా. అందరూ అయిదింటికే,” అంది ఎర్లీన్ మురిపెంగా.

ఒడెట్ కత్తి కింద పెట్టింది. “డెల్, ఒకసారి గరాజ్‌లోకి రా.”

గరాజ్‌లో చలికి మాటలతో పాటు పొగ వస్తోంది. తలుపు వేసి ఒడెట్ అటు తిరిగింది.

“మూడోసారి అడిగావు.”

“ఏంటి?”

“సియోనే ఎన్నింటికి వస్తాడని.”

“మనుషులన్నాక మర్చిపోరా? నువ్వు రోజూ కారు తాళాలు మర్చిపోవూ?”

“తాళాలు ఎక్కడ పెట్టానో మర్చిపోతాను. వెతికానన్న సంగతి మర్చిపోను.”

డెల్రాయ్ గోడకి ఆనుకున్నాడు. అంత పెద్ద మనిషి ఆనుకుంటే గోడకున్న నిచ్చెన కదిలింది. “పాసయ్యాను ఒడెట్. కాగితం మీద ఉంది.”

“ఆగస్టు కాగితం పక్కన పెట్టి చూస్తే పాసయ్యావు. ఆ ఆగస్టు కాగితం నీది కాదు. నాది.”

సీజన్ మొదలయ్యే ముందు ఆటగాళ్ళందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. తర్వాత ఎవరికైనా తలకి దెబ్బ తగిలితే మళ్ళీ పరీక్షించి, ఆగస్టు మార్కులతో పోల్చి చూస్తారు. తగ్గితే ఆడనివ్వరు. అందుకని కొందరు ఆగస్టులోనే కావాలని తక్కువ తెచ్చుకుంటారు. మరీ తక్కువైతే డాక్టర్లు పట్టేస్తారు. ఎంత తప్పితే సహజంగా ఉంటుందో తెలియాలి. అది ఒడెట్‌కి బాగా తెలుసు. బడిలో పిల్లలకి అలాంటి పరీక్షలు పెట్టడమే ఆమె ఉద్యోగం.

రెండేళ్ళ కిందట వేరే ఊళ్ళో డెల్రాయ్‌ని ఇలాగే నాలుగు వారాలు కూర్చోబెట్టారు. అయిదో వారం అతని చోటు వేరేవాడిదైపోయింది. ఆ బాధ ఆమె కళ్ళారా చూసింది. అందుకే ఆగస్టులో అతన్ని వంటింటి బల్ల ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటే మొదటిదీ చివరిదీ వదలకు, మధ్యవి రెండు వదిలెయ్, అని. ఇద్దరూ ఆ రోజు ఎంత నవ్వుకున్నారో.

“ఒక్క ఆట,” అన్నాడు డెల్రాయ్ మెల్లగా. “పన్నెండేళ్ళు చూశాను. ఇంక ఒక్క ఆట.”

“ఆదివారం మళ్ళీ దెబ్బ తగిలితే?”

బయట కార్లు ఆగిన చప్పుడయింది. “వాళ్ళొచ్చారు,” అని లోపలికి వెళ్ళిపోయాడు.

గురువారం సాయంత్రం లైన్‌వాళ్ళంతా ఫాంటెనో ఇంట్లో భోంచేయడం ఈ సీజన్ ఆనవాయితీ. మొదటివారం రెండు కుర్చీలు విరిగాక ఎర్లీన్ చర్చి నుంచి బెంచీలు తెప్పించింది. ఆరుగురు పట్టే బల్ల చుట్టూ ఏడుగురు కూర్చుంటే, ఒక్కొక్కడూ ఒకటిన్నర మనిషి. మరో రెండు పొయ్యిలుంటే తప్ప ఆ కడుపులు నిండవని ఎర్లీన్ విసుక్కుంటుంది. వాళ్ళు గిన్నె ఖాళీ చేయకపోతే మాత్రం అలుగుతుంది.

“ఎర్లీనమ్మా, ప్లేఆఫ్‌కి చేరితే ఏం వండుతావు?” అన్నాడు రూడీ గ్రబోస్కీ. డెల్రాయ్‌కి ఎడమ పక్కన ఆడేది అతనే.

“ముందు చేరండి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు!”

అందరూ నవ్వారు. రూడీ మొక్కజొన్న రొట్టెని ముక్కలు చేసి బల్ల మీద పేర్చడం మొదలుపెట్టాడు. అది వాళ్ళ గురువారం ఆట. రొట్టె ముక్కలు ఎదుటి జట్టు. ఆలివ్‌లు వీళ్ళు. అవతలివాళ్ళు ఎలా నిలబడ్డారో చూసి డెల్రాయ్ వెంటనే పిలుపు చెప్పాలి. వరసగా నాలుగు ఓడిపోయినప్పుడు పాత పిలుపులన్నీ తీసేసి, డెల్రాయ్ వాటి స్థానంలో తల్లి వంటల పేర్లు పెట్టాడు. ఎంత అలిసిపోయినా ఈ మనుషులు తిండి పేరు మర్చిపోరని. ఆమె కాచే చిక్కటి పులుసు గంబో పేరు పిలిస్తే అందరూ ఎడమకి జరగాలి. గెలుపులు మొదలైంది అప్పట్నుంచే. ఎర్లీన్ కూడా ఆ పిలుపులన్నీ వంటబట్టించుకుని, టీవీ ముందు కూర్చుని వాళ్ళకన్నా ముందే అరిచేది.

రూడీ ఎడమవైపు రెండు ముక్కలు ఎక్కువ పెట్టాడు. మామూలుగా అయితే చివరి ముక్క పెట్టేలోపే డెల్రాయ్ నోట్లోంచి మాట వచ్చేసేది.

డెల్రాయ్ ముక్కల వంక చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఎర్లీన్ పెదవులు కదిలాయి, మాట మాత్రం బయటికి రాలేదు. కొడుకు ముందున్న పళ్ళెం నిండా గంబోయే ఉంది. ఆవిరి అతని మొహానికి తగులుతోంది. అతనికి ఆ పేరు రావడం లేదు.

ఉన్నట్టుండి సియోనే మోచెయ్యి జారి రొట్టె ముక్కలన్నీ చెల్లాచెదురయ్యాయి. డెల్రాయ్ ఆడలేకపోతే ఆ చోట నిలబడాల్సినవాడు అతనే. టోంగా దేశంవాళ్ళ పిల్లాడు, ఇరవై నాలుగేళ్ళు, మనిషి తలుపంత వెడల్పు.

“అయ్యో, చెయ్యి తగిలింది వదినా! నాకు బొత్తిగా ఒళ్ళు తెలీదు.”

“దున్నపోతు!” అన్నాడు రూడీ, అవసరానికి మించి గట్టిగా. మిగతావాళ్ళూ నవ్వారు. ఒకడు నీళ్ళు అడిగాడు. ఒకడు వంటని పొగిడాడు. పక్కవాడి మీద దెబ్బ పడకుండా అడ్డం నిలబడటమే వాళ్ళ బతుకు. బల్ల దగ్గర కూడా అదే చేశారు.

ఒడెట్‌కి వాళ్ళందరి మీదా ప్రేమ పొంగుకొచ్చింది. దాంతో పాటే భయం వేసింది. వీళ్ళు అతన్ని ఇలాగే కాచుకుంటారు. కాచుకుంటూనే ఆదివారం మైదానంలోకి తీసుకుపోతారు.

ఆమె లేచి నిలబడింది.

“అది చెయ్యి తగలడం కాదు సియోనే. నీకూ తెలుసు. డెల్ నిన్న పాసవలేదు. ఆగస్టులో తక్కువ మార్కులు తెచ్చుకోవడం ఎలాగో నేర్పించాను. ఇప్పుడు ఎంత మర్చిపోయినా పాసైపోతాడు.”



“ఎవరు నేర్పించారూ?” అంది ఎర్లీన్.

“నేను అత్తయ్యా.”

ఎర్లీన్ వెళ్ళి పొయ్యి ఆపింది. తిరిగొచ్చి కూర్చుంది. “తినండి నాన్నా, చల్లారిపోతుంది,” అంది, ఎవరి మొహమూ చూడకుండా.

తిన్నారు. గిన్నె ఖాళీ అవలేదు. వెళ్తూ వెళ్తూ రూడీ గుమ్మం దగ్గర ఆగి, టోపీ చేతుల్లో నలిపాడు. “వదినా, నాక్కూడా ఆగస్టులో తక్కువే వచ్చాయి. ఇక్కడున్నవాళ్ళలో నలుగురికి. మాకు నేర్పించినవాళ్ళు ఎవరూ లేరు, అంతే తేడా.” అని, ఆమె ఏమంటుందో వినకుండా మంచులోకి దిగిపోయాడు.

తలుపు మూసుకోగానే ఎర్లీన్ విరుచుకుపడింది.

“నా కొడుకు బుర్రతో ఆడుకున్నావు!”

“అవును.”

“ఏదో ఒకటి సాకు చెప్తావనుకున్నాను. అవునంటావేంటి?”

“సాకులన్నీ నాకు నేను చెప్పుకున్నాను అత్తయ్యా. ఒక్కటీ నిలబడలేదు.”

“అమ్మా, ఆమెనేమీ అనకు,” అన్నాడు డెల్రాయ్. “బలవంతం ఏం లేదు. నేనే నేర్పమన్నాను.”

“నువ్వు నోరు ముయ్యి! నిన్ను అనాల్సింది వేరే ఉంది.” ఎర్లీన్ కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది. నిలబడినా, కూర్చున్న అతని ఎత్తే ఉంది. “పన్నెండేళ్ళు. ఒక్క ఆదివారం మానకుండా చూశాను. ప్లేఆఫ్ చూడకుండా చస్తే చచ్చాను. నా గంబో పేరు నీకు రాకపోవడం నా కళ్ళతో చూశాన్రా ఇందాక. రేపు నా పేరు రాకపోతే? అది చూస్తూ మాత్రం నేను బతకలేను.”

ఆమె ఏడవలేదు. మిగిలిన గంబోని డబ్బాల్లోకి తీసి మూతలు పెట్టింది.

“పొద్దున్నే వెళ్దాం,” అన్నాడు డెల్రాయ్ చివరికి. “కారు నువ్వు నడుపు ఒడెట్.”

డాక్టర్ థోర్సన్ జట్టు మనిషి కాదు, లీగ్ పంపిన మనిషి. శుక్రవారం పొద్దున అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మీరు పిల్లలకి పరీక్షలు పెడతారు కదూ?”

“పెడతానండి.”

“ఒక పిల్లాడి తల్లి మీరు చేసిన పని చేస్తే ఏమంటారు?”

డాక్టరమ్మ జవాబుకోసం ఎదురుచూడలేదు. కుర్చీ డెల్రాయ్ వైపు తిప్పింది.

“ఐదు మాటలు చెప్తాను. పది నిమిషాల తర్వాత అడుగుతాను. ఈసారి నిజంగా. గొడుగు, వంతెన, దువ్వెన, నిమ్మకాయ, గుర్రం.”

పది నిమిషాలు గడిచాయి. వేరే ప్రశ్నలు అడిగింది, ఒంటికాలి మీద నిలబెట్టింది, తర్వాత అడిగింది. డెల్రాయ్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బంతి మీద వంగినట్టు ముందుకి వంగాడు. నుదుటిమీద చెమట పట్టింది.

“గొడుగు. నిమ్మకాయ. గుర్రం.” ఆగాడు. “ఇంకా రెండున్నాయి.”

“ఉన్నాయి.”

“రావట్లేదు.”

ఒడెట్ కళ్ళు మూసుకుంది. ఆగస్టులో తాను ఎక్కడ వదలమని నేర్పిందో సరిగ్గా అక్కడే ఖాళీ.

“ఈ ఆదివారం లేదు,” అంది డాక్టరమ్మ. గొంతు కొంచెం మెత్తబడింది. “విశ్రాంతి ఇస్తే చాలామందికి తిరిగొస్తుంది. మీరు ఇవాళ రావడం మంచిదైంది. ఇంకో దెబ్బ తగిలాక వచ్చుంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు. మళ్ళీ శుక్రవారం చూస్తాను. ఇంట్లో ఎవరూ ఆ రెండు మాటలూ అందించకండి. వాటంతటవే రావాలి.”

“వచ్చే శుక్రవారానికి బాగైతే? ఆ పై ఆదివారం ఆడొచ్చా?” అన్నాడు డెల్రాయ్.

“బాగైతే ఆడొచ్చు. ఆ ఆదివారం మీకు ఆటంటూ ఉంటే.”

అదీ సంగతి. అతను మళ్ళీ మైదానంలోకి దిగాలంటే, అతను లేకుండా వాళ్ళు గెలవాలి.

డెల్రాయ్ కోచ్‌కి కారులోంచే ఫోన్ చేసి చెప్పాడు. “శిక్షల సంగతి సీజన్ అయ్యాక చూద్దాం. సియోనేకి పిలుపులన్నీ వచ్చేలా చెయ్యగలవా?” అని మాత్రం కోచ్ అడిగాడు.

డెల్రాయ్ ఆడటం లేదని, ఒడెట్ బయటపెట్టిన సంగతితో సహా, మధ్యాహ్నానికి రేడియోలో వచ్చేసింది. శనివారం పొద్దున ఫాంటెనో ఇంటిముందు మంచు మోకాలెత్తున అలాగే ఉంది.

మా ఊళ్ళో ఆటగాడి ఇంటిముందు మంచు ఆటగాడు ఎత్తకూడదు. తెల్లారేలోపు ఇరుగుపొరుగు ఎత్తేస్తారు. ఎవరు ఎత్తారో ఎవరూ చెప్పుకోరు. నాలుగు ఓడినప్పుడు కూడా ఎవరూ మానలేదు. ఆ శనివారం మానేశారు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. నేనూ ఆ వీధివాణ్ణే.

ఎర్లీన్ తనే పార పట్టుకుని బయల్దేరింది. ఒడెట్ వెనకే వెళ్ళి రెండోది పట్టుకుంది. అత్తాకోడళ్ళు చెరోవైపు నుంచి ఎత్తారు. గంట పట్టింది. మధ్యలో కలిశాక ఎర్లీన్ నడుం పట్టుకుని నిలబడి, “నువ్వు తవ్వింది వంకర,” అంది. గురువారం తర్వాత కోడలితో ఆమె అన్న మొదటి మాట అదే. ఒడెట్‌కి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

లోపల బల్ల మీద రొట్టె ముక్కలు మళ్ళీ పరిచి ఉన్నాయి. డెల్రాయ్ పాత కాగితాల్లో చూసి పేరుస్తున్నాడు. సియోనే పిలుపు చెప్తున్నాడు. ఒక్కోసారి గురువుకి రానిది శిష్యుడే అందిస్తున్నాడు.

“అన్నా, అక్కడ డెబ్బై వేలమంది అరుస్తుంటే నా పిలుపు తప్పైతే?”

“తప్పైనా గట్టిగా పిలువు. గొణిగితే ఒక్కొక్కడూ ఒక్కో దిక్కు పోతాడు. ఐదుగురూ కలిసి ఒకే తప్పు చేశారనుకో, అవతలివాడు అదేదో ఎత్తనుకుని హడలి చస్తాడు.”

సియోనే నవ్వాడు. మళ్ళీ మొహం ముడుచుకున్నాడు. “ఇది నీ చోటు అన్నా. నాకు ఇలా వద్దు.”

“నాకూ ఇలా వద్దు. కానీ నా చోటు వచ్చేవారం నాకు తిరిగివ్వాలంటే ముందు నువ్వు దాన్ని కాపాడాలిగా. ఏదీ, ఇది చెప్పు.”

“గంబో!”

“ఏంటీ? కోడిపిల్ల కూసినట్టు? మా అమ్మకి వినపడాలి.”

“గంబో!” అని సియోనే అరిచిన అరుపుకి అల్మరాలో గ్లాసులు గలగలలాడాయి. బయట నుంచి ఎర్లీన్ “ఆఁ, ఎడమకి!” అంది.

ఆదివారం పొద్దున పార చప్పుడికి ఒడెట్‌కి మెలకువ వచ్చింది. ఆమె కిటికీ తెర జరిపి చూసింది. కాగితం మిల్లులో పనిచేసి దిగిపోయిన విస్నెస్కీ ముసలాయన, ఎదురింటాయన, మంచు ఎత్తుతున్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరున్నాం. ఒడెట్ తలుపు తీసింది.

“విస్నెస్కీగారూ, నిన్న రాలేదే?”

“నిన్న మంటగా ఉంది. ఇవాళా ఉంది.” ఆయన పార ఆపలేదు. “మా తమ్ముడు ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే జట్టుకి ఆడాడు. ఇప్పుడు నన్ను చూసి పోస్టుమాన్ అనుకుంటాడు. వాడికి ఆ రోజు నీలాంటిది ఒకతె బల్ల ముందు లేచి నిలబడుంటే బాగుండేది. లోపలికి పో, చలి.”

డెల్రాయ్ జట్టు కోటు వేసుకుని వచ్చాడు. ఇవాళ అతనికి హెల్మెట్ లేదు. సియోనే పక్కన అంచున నిలబడటమే పని. ఎర్లీన్ అప్పటికే కారెక్కి, స్టేడియంలో వేసుకునే దిండు ఒళ్ళో పెట్టుకుని, “అరవడానికి గొంతు దాచుకుంటున్నాను, నన్ను పలకరించకండి,” అని అరిచింది.

డెల్రాయ్ ఎత్తిన మంచు మధ్య నాలుగడుగులు నడిచి ఆగిపోయాడు. కారు తలుపు మీద చెయ్యి వేసినవాడు, చెయ్యి తీసి తల పట్టుకున్నాడు.

“డెల్? ఏమైంది? నొప్పా?”

అతను వెనక్కి తిరిగాడు. ఆగస్టు తర్వాత ఆ మొహంలో అలాంటి వెలుగు ఆమె చూడలేదు.

“దువ్వెన,” అన్నాడు.

ఒడెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ అందించలేదు. ఇంట్లో దువ్వెనలు కూడా శుక్రవారమే దాచేసింది.

“ఇంకొకటుంది డెల్,” అంది. “ఐదోది?”

స్టేడియం వైపు నుంచి అప్పుడే బూరలు మొదలయ్యాయి. డెల్రాయ్ ఒక్క నిమిషం అటు చెవి పెట్టి విని, కారు తలుపు తీశాడు.

“అది వచ్చే ఆదివారం లోపు తెస్తాను,” అన్నాడు. “ముందు ఆ ఆదివారాన్ని వాళ్ళని తేనీ.”